టైమాఫీసు ముచ్చట

మీ ఆఫీసుల మందిని తీసేస్తున్నరని పొద్దటి సంది ఫోన్ల మాట్లాడుతనే ఉన్నవు బిడ్డా. వాళ్లు పొమ్మనేదాంక ఉండాల్నా, నేనే ముందుగాల రాజీనామా ఇయ్యాల్నా అని నీ రంధి. మీ గచ్చిబౌలి కొలువుల సంగతి నాకు తెల్వదు. గాని మందిని తీసేసే కాలం ఎట్లుంటదో నేను దగ్గర నుంచి చూసిన. టైమాఫీసు కిటికీల కూసొని, ఏండ్లకేండ్లు చూసిన. ఇటు మంట దిక్కు జరుగు, ఆ శాలువ కప్పుకో. నాయినమ్మ నిద్రపోతే పోనీ, లేపకు. ఆమెకు ఈ ముచ్చట నాకంటె ఎక్కువ తెలుసు.

డెబ్బైల మొదట్ల నేను పట్నం పోయిననాడు బాలానగర్, సనత్‌నగర్ దిక్కు ఇప్పటి లెక్క ఫ్లాట్లు, షాపులు లేకుండె. ఎటు చూసినా కార్ఖానలే. ఒక దిక్కు ఐడీపీఎల్, రష్యావోళ్ల సాయంతోని కట్టిన మందుల కార్ఖాన. ఇంకో దిక్కు హెచ్‌ఏఎల్, విమానాలల్ల పెట్టే ఎలక్ట్రానిక్ సామాన్లు చేసేది. సనత్‌నగర్‌ల ఆల్విన్, నిజాం కాలంల 1942ల పుట్టింది. కలిగినోళ్ల ఇండ్లల్ల ఫ్రిజ్ అంటే ఆల్విన్ ఫ్రిజ్జే, బస్సులకు బాడీలు గూడ అండ్లనే కట్టిన్రు. పనిముట్లు, డైలు చేసుడు పిల్లగాండ్లకు నేర్పేటందుకు 1968ల కేంద్ర సర్కారు బాలానగర్‌లనే సీఐటీడీ పెట్టింది. పొద్దుగాల ఆరుకు ఒక సైరను, పగటీలి రెండుకు ఒకటి, రాత్రి పదికి ఒకటి. మా ఇంటి చుట్టుపక్కల ఆడోళ్లు గడియారం చూసుడే లేదు, సైరను విని పొయ్యి అంటువెట్టేది. రెండింటికి షిఫ్టు విడిచిందంటే రోడ్డు మీద సైకిళ్లు తప్ప ఇంకేం కనబడకపోతుండె.

మాది గూడ సర్కారు కార్ఖాననే. ఇనుము కోసి, తొలిచి, నునుపు పట్టి సామాన్లు చేసేటోళ్లం. పేరు వద్దులే, ఆ గేటు లోపల దినాలు గడిపినోళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నరు.

నా పని టైమాఫీసుల. గేటు లోపలికి రాంగనే ఎడమచెయ్యి దిక్కు గోడకు రెండు చెక్క రాకులు ఉండె. ఒకటి ‘ఔట్’, ఇంకోటి ‘ఇన్’. మనిషికి ఒక గూడు, గూటి మీద పెయింటుతోని రాసిన టికెట్ నంబరు. మనిషి వస్తడు, ఔట్ రాకుల నుంచి తన కార్డు తీస్తడు, గడియారం నోట్లె పెట్టి మీట గుంజుతడు, ఠంగుమని టైము పడ్తది, కార్డును ఇన్ రాకుల పెట్టి లోపలికి పోతడు. వేళకు వస్తే నీలం సిరా, ఆలస్యమైతే ఎర్ర సిరా. నెల ఆఖరుకు ఆ కార్డులన్ని నా టేబుల్ మీదికి వచ్చేవి. ఎవరింట్ల జరమున్నది, ఎవరికి బిడ్డ సంబంధాల తిరుగుడున్నది, ఎవరు రాత్రి తాగిన్రు, అన్నీ కార్డు చూస్తే నాకు తెలుస్తుండె. ఒక మనిషికి నెలల రెండు ఎర్ర గీతలుంటే అది ఆరోగ్యం సంగతి. పది ఉంటే ఇంటి సంగతి. అందుకే నేను జీతం కోసేముందు ఒకసారి పిలిచి అడిగేటోన్ని, “ఏమైందే?” అని.

ఆ నౌకరీ అంటే అప్పట్ల ఏంటిదో నీకు చెప్పాలె. పిల్లనిచ్చేటోళ్లు ముందుగాల అడిగేది “పర్మినెంటా?” అని. గోత్రం తర్వాత అడిగిన్రు. మీ నాయినమ్మను నాకిచ్చింది ఆ ఒక్క మాట మీదనే. జబ్బు చేస్తే సనత్‌నగర్ ఈఎస్‌ఐ దవాఖాన. పెండ్లికి, ఇంటికి క్రెడిట్ సొసైటీల లోను. దసరాకు ఆయుధ పూజ చేసేది చూడు, దాని ముంగట ఏ పండుగ లేదు. మిషిన్లన్ని కడిగి, తుడిచి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టేది. ఆ ఒక్క దినం ఇంటోళ్లందరిని లోపలికి రానిస్తుండిరి. పిల్లలు వచ్చి “మా నాయిన మిషిన్ ఇది” అని చెయ్యిపెట్టి చూసేటోళ్లు. బోనసు చట్టంల కనీసం 8.33 శాతం, ఎక్కువల ఎక్కువ 20 శాతం. మంచి ఏండ్లల్ల మాకు 20 శాతం ముట్టింది. యూనియనోళ్లు గేటు ముంగట గులాల్ చల్లుకుంటే నా కార్డులన్ని గులాబీ రంగైనయి. తర్వాత ఒక ఏడాది అది 8.33కు దిగింది. ఆ మాపు సైకిళ్లు సప్పుడు లేకుంట ఇండ్లకు పోయినయి.

ఎందుకు పడిపోయిందంటే ఒక్క కారణం చెప్పలేను. మిషిన్లు ముసలివైనయి, కొత్తవి కొనే పైసలు పై నుంచి రాలే. మా సామాన్లు కొనే సర్కారు శాఖలే మాకు బిల్లులు ఆపినయి. అంతల్నే 1991 జులై 24న ఢిల్లీల కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. బయటి సామాన్లకు సుంకాలు తగ్గినయి. మేము నెలకు చేసేది బయటి దేశంవోడు వారంల చేసి, తక్కువకు తెచ్చి ఇచ్చిండు. నష్టాల కార్ఖానలను చూసేటందుకు బీఐఎఫ్‌ఆర్ అని ఢిల్లీల ఒక బోర్డు ఉండె, 1985 చట్టంతోని వచ్చింది. ఐడీపీఎల్ అంత పెద్ద కార్ఖాననే 1992ల జబ్బు కార్ఖాన అని అండ్లకు పోయింది. ఐడీపీఎల్‌కే దిక్కులేదంటే మన గతేందని క్యాంటీన్ల అనుకున్నం.

గాని నాకు యాదికున్నది ఆ పెద్ద లెక్కలు గాదు. చేతులు కడుక్కునే సబ్బు ఆగింది ఫస్టు. నెలకు ఇన్ని సబ్బు బిళ్లలని మనిషికి ఇస్తుండిరి, ఆ నెల ఇయ్యలే. తర్వాత నూనె తుడిచే కాటన్ వేస్టు. తర్వాత పెయింటు షాపోళ్లకు ఇచ్చే పాలు. ఓవర్‌టైము ఆగింది, దాంతోని సగం ఇండ్లల్ల చిట్టీలు ఆగినయి. వెయ్యి మందికి మించి ఉన్న కార్ఖానల జీతం పదో తారీఖు లోపల ఇయ్యాలె, అప్పటి చట్టం అది. మాకు ఏడుకే ఇచ్చే అలవాటుండె. ఏడు పది అయింది, పది ఇరవై అయింది, ఒక నెల జీతం ఇంకో నెలల కలిసింది. పీఎఫ్ మా జీతంల కోస్తున్నరు, ఆఫీసుల కడ్తలేరని తర్వాత తెలిసింది. కోపం రావాల్నా వద్దా చెప్పు? మనిషి చెమట పైసలు కోసి, వాని ఖాతల వెయ్యకపోవుడు కంటె పాపం ఇంకోటి నేను ఎరుగ.

అప్పుడు వచ్చింది వీఆర్‌ఎస్ సర్క్యులర్, స్వచ్ఛంద పదవీ విరమణ అని. నోటీసు బోర్డు మీద నాలుగు పిన్నులు గుచ్చి పెట్టిన్రు. చేసిన ఏడాదికి 45 దినాల జీతం, లేకుంటె రిటైరయ్యేదాంక మిగిలిన నెలల జీతం, ఈ రెంట్ల ఏది తక్కువైతే అది. గ్రాట్యుటీ వేరే, అది ఏడాదికి 15 దినాల జీతం. ఇగ మంది నా కిటికీ కాడ కుప్పైన్రు. “నా సర్వీసు ఎంతైంది, చేరిన తారీఖు చూడు, బేసిక్ చూసి లెక్క కట్టు” అని. నా దగ్గర గుణించుకునే కాయితాలు అయిపోతే క్యాలెండర్ వెనుక దిక్కు రాసి ఇచ్చిన.

అది పేరుకు స్వచ్ఛందం. నూరు మంది, అంతకంటె ఎక్కువ పనిచేసే కార్ఖానల మందిని తీసెయ్యాల్నంటే సర్కారు అనుమతి కావాలె, అప్పటి చట్టం అట్లుండె. అనుమతి అడిగితే యూనియన్లు లొల్లి చేస్తయి, పేపర్లల్ల పడ్తది. అందుకని ఎవ్వరిని పొమ్మనలే. పోవాల్నని వాళ్లకే అనిపించేటట్టు చేసిన్రు. ఇరవై ఏండ్లు గ్రైండింగ్ మిషిన్ మీద నిలబడ్డ మనిషిని తీసి గోదాముల బస్తాలు లెక్కవెట్టే కాడ ఏసిన్రు. ఒకాయనను ఎక్కడనో దూరం డిపోకు మార్చిన్రు, ఆ డిపోల సామానే లేదు. కొందరిని ఒక ఖాళీ షెడ్డుల కుర్చీలు ఏసి కూసోబెట్టిన్రు. పని లేదు, పోనియ్యరు. పొద్దుగాల కార్డు గుంజి పోయి కూసునుడు, మాపటికి కార్డు గుంజి ఇంటికి పోవుడు. వాళ్ల కార్డులల్ల ఒక్క ఎర్ర గీత ఉండకపోతుండె. పనిలేనోడే వేళ తప్పకుంట వచ్చేది. ఎందుకంటే ఆలస్యమైతే ఆ సాకుతోని పేరు రాస్తరని భయం.

వీఆర్‌ఎస్ మొదటి జాబితల పోయినోళ్లల్ల టూల్ రూమ్ అన్న ఉండె. నేను అన్న అనే పిలిచేది, కార్ఖాన మొత్తం అన్ననే అనేది. డై చేసుడుల ఆయనంతటోడు మా దిక్కు లేడు. స్లిప్ గేజులని ఉంటయి, చిన్న ఉక్కు బిళ్లలు, కొలతలకు కొలత. వాటిని షామీ తోలుతోని తుడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి జర తిప్పితే అతుక్కుపోతయి. అంటు లేదు, అయస్కాంతం లేదు, ఆ నునుపుకే పట్టుకుంటయి. ఊడదీయాల్నంటే మల్ల తిప్పాల్సిందే. పట్టుకొని గుంజితే రావు. ఆయన వాటిని వేలితోని ముట్టకపోతుండె, చెమట తాకితే తుప్పు పడ్తదని. పని అయినంక పెట్రోలియం జెల్లీ రాసి, డబ్బల దేని గూట్ల దాన్ని పెట్టి, మూత వేసి, ఆ మూత మీద ఒకసారి అరచెయ్యి పెట్టేటోడు. కొత్త పిల్లగాడు ఎవడన్న ఆ గేజును టేబుల్ మీద టక్కుమని పెడితే ఆ దినం వానికి ఆయనతోని మాట లేదు.

అసుంటాయన ఆఖరు దినం ‘నో డ్యూస్’ కాయితం పట్టుకొని తిరిగిండు. స్టోర్సుల ఒక సంతకం, క్యాంటీన్ల ఒకటి, క్రెడిట్ సొసైటీల, లైబ్రరీల, సెక్యూరిటీల, ఆఖరుకు నా దగ్గర. టూల్ క్రిబ్బుల పనిముట్టు తీసుకోవాల్నంటే నంబరు కొట్టిన ఇత్తడి టోకెన్ ఇచ్చేది, పనిముట్టు తిరిగిస్తే టోకెన్ వాపస్. ఆయన పేరు మీద ఒక వెర్నియర్ తక్కువ వచ్చిందన్నరు. ఎన్నడో ఎవరో అప్రెంటిస్ పట్టుకపోయింది. దాని పైసలు ఆయన లెక్కల కోసిన్రు. ఆయన ఒక్క మాట అనలే. పెట్టె తెరిచి, తన సొంత పైసలతోని కొనుక్కున్న మైక్రోమీటర్ తీసి స్టోర్ కీపర్ ముంగట పెట్టి, “ఇది కూడా ఉంచుకోండ్రి, రేపు డై చెడిపోతే కావాలె గదా” అని వచ్చిండు. నా దగ్గరికి వచ్చి సంతకం అడిగితే నాకు పెన్ను ఆడలే.

ఆయన అన్న రేపు తొందరగనే వచ్చింది. ఆయన పోయిన కొన్ని నెలలకే ప్రెస్సు షాపుల డై పగిలింది. బాగుచేసే చెయ్యి లేదు. బయట చేపిద్దామంటే బయటోడు అడ్వాన్సు అడిగిండు, పైసలు లేవు. షాపు ఆగింది. షాపు ఆగితే అండ్ల ఉన్నోళ్లంత ‘మిగులు’ అయిన్రు. పైవోళ్లు తలల లెక్క చూసిన్రు, చేతుల లెక్క చూడలే. నేను చెప్పేది ఇదే బిడ్డా, ఏండ్లుగా ఎవ్వరికీ చెప్పనిది: పైసలు చూపెట్టి పొమ్మంటే ముందుగాల పోయేది పనొచ్చినోడే. వానికి బయట పని దొరుకుతదని ధీమా. కార్ఖానను నిలబెట్టే చేతులన్నీ మొదటి రెండు జాబితలల్లనే పోయినయి. మూడో జాబిత రాంగ తీసేసేటందుకు మిగిలింది పని రానోళ్లు, బిడ్డల పెండ్లి గాని వాళ్లు, ఈ గేటు తప్ప ఇంకో తొవ్వ తెల్వనోళ్లు. అప్పుల బాధతోని మా కార్ఖాన కుంగింది నిజమే, గాని దాని ప్రాణం తీసింది ఈ లెక్కనే.

ఉన్నోళ్ల సంగతి పోయినోళ్ల కంటె కష్టం. పోయినోడు ఒక్కసారి ఏడుస్తడు, మరుసటి దినం సైకిల్ ఎక్కి పని వెతుక్కుంటడు. ఉన్నోడు దినాం ఎదురుచూస్తడు. ముందుగాల క్యాంటీన్ల మాటలు తగ్గినయి. ఎన్కట ఒకే టిఫిన్ డబ్బల నలుగురు చెయ్యిపెట్టేటోళ్లు, వేరువేరుగ కూసునుడు మొదలైంది. ఫలానోడు ఆఫీసరు ఇంటికి పోయిండట, జాబితల నీ పేరు వాడే రాయించిండట, ఇట్లాంటి మాటలు. యూనియన్ రెండైంది, రెండు జెండాలు, రెండు గేటు మీటింగులు, ఒకరినొకరు అమ్ముడుపోయినోళ్లని తిట్టుకునుడు. పని లేని షాపులల్ల కొందరు పేపర్లు చదివిన్రు, కొందరు చదరంగం ఆడిన్రు. ఒక ముసలి టర్నర్ మాత్రం పని ఉన్నా లేకున్నా పొద్దుగాల తన లేత్ మిషిన్‌కు నూనె పోసి, తుడిచి, చక్కు ఒకసారి తిప్పి చూసుకొని కూసునేటోడు. ఆయనను చూసి నవ్వినోళ్లు ఉన్నరు. నాకు మాత్రం ఆయన కార్డు ముట్టినప్పుడు దండం పెట్టాల్ననిపిస్తుండె.

వీఆర్‌ఎస్ తీసుకొని ఇంట్ల చెప్పనోళ్లు గూడ ఉన్నరు. టిఫిన్ పట్టుకొని వేళకు ఇంట్ల నుంచి వెళ్లి, పార్కుల కూసొని, సైరను విని ఇంటికి పోయేటోళ్లు. నాకు కనబడితే మొఖం తిప్పుకునేది. నేనూ చూడనట్టే పోయేది. పిల్లనిచ్చిననాడు పర్మినెంటని చెప్పిన మాట వాళ్ల నెత్తి మీద ఉండె మరి.

నా రాకు సంగతి చెప్త. ఒక్కొక్క మనిషి పోతుంటే ఒక్కొక్క గూడు ఖాళీ అయింది. మొదట్ల ఒకటీ అరా. తర్వాత వరుసకు వరుస. ఒక దినం పెద్దాఫీసరు వచ్చి చూసి, గేటు దాటి వచ్చే బయటోళ్లకు బాగలేదు, ఉన్న కార్డులన్ని పైకి జరిపి దగ్గరదగ్గరికి పెట్టుమన్నడు. గూటి మీద నంబరు రాసి ఉన్నది సార్, ఎవని కార్డు వాని గూట్లనే ఉండాలె అన్న. పెయింటు మీద తెల్ల సున్నం ఎయ్యమన్నడు. నేను ఎయ్యలే. మెమో ఇచ్చిండు, తీసుకున్న. ఇరవై ఐదేండ్లు ఒక గూట్లె కార్డు పెట్టిన మనిషి నంబరు మీద సున్నం పూసుడు నా చేతిల నుంచి కాదు. ఆ నంబర్లు నేను ఉన్నన్ని దినాలు అట్లనే ఉన్నయి.

1998 నవంబర్ల మాదాపూర్‌ల సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి వచ్చి తెరిచిండు. మా బస్సుల జనం దాని గురించే మాట్లాడేది. మీ నాయిన పేపర్ల ఆ ఫోటో కత్తిరించి పుస్తకంల పెట్టుకున్నడు. ఒకే పట్నం, బస్సుల పోతే గంట దూరం. అక్కడ గాజు గోడలు లేస్తున్నయి, ఇక్కడ మా షెడ్డు రేకులు ఊడుతున్నయి. మాకు వాళ్ల మీద కోపం లేదు. మా పిల్లలే అండ్లకు పోతరని మాకు తెలుసు.

ఆ తర్వాతి సర్క్యులర్‌కు నేను గూడ కాయితం పెట్టిన. నువ్వు అడగబోయేది అదే గదా, ఎట్ల తేల్చుకున్నవు తాతా అని. నేను పైసల లెక్క మస్తు దినాలు కట్టిన. అయిదు లక్షల దాంక పన్ను లేదు, ఇంత వడ్డీ వస్తది, ఇంత చాలదు అని. మీ నాయినమ్మ కుట్టు మిషిన్ మీద కూసొని విన్నది, విన్నది. ఒక రాత్రి మిషిన్ ఆపి అన్నది: “పైసల సంగతి నేను చూసుకుంట. నువ్వు ఇంటికొచ్చి మాట్లాడుడు బంద్ చేసి ఏడాదైంది. పిల్లలు నీ దగ్గరికి వచ్చుడు మానుకున్నరు, చూసినవా?” నేను చూడలేదు. తెల్లారి పోయి కాయితం రాసిచ్చిన. జీతం తగ్గుడు మనిషి ఓర్చుకుంటడు బిడ్డా. పనికిరానట్టు చూస్తుంటె దినాం పోయి కూసునుడు ఓర్చుకోలేడు, ఆ విషం ఇంటిదాంక వస్తది.

ఎన్కట ఒక్క మనిషి రిటైరైతే షాపంత చందా ఏసి గడియారమో, శాలువనో కొని, దండేసి, కార్ఖాన జీపుల ఇంటిదాంక దిగబెట్టి, ఇంటోళ్లు పోసిన చాయ తాగి వచ్చేది. మా బ్యాచ్ పోయిననాడు ఒక్క సాయంత్రంల అరవై మందికి పైన. యూనియనోళ్ల దగ్గర పైసలు లేవు. ఒక్క గులాబీ దండ తెచ్చిన్రు. అది ఒకరి మెడల ఏసుడు, ఫోటో తీసుడు, తీసి ఇంకొకరి మెడల ఏసుడు. నా వంతు వచ్చేసరికి పువ్వులు సగం రాలినయి, దారం కనబడ్తుంది. గాని ఆ పిల్లగాడు, ఫోటో తీసేటోడు, ఒక్కొక్కరి మెడల ఆ దండ సరిచేసి, అంగీ మీద పడ్డ రేకులు దులిపి, “సార్, ఇటు చూడండ్రి” అని అందరికి ఒకే తీరుగ అన్నడు. ఆ మర్యాద ఆఫీసు ఇయ్యలే, ఆ పిల్లగాడిచ్చిండు. నా ఫోటో పెట్టెల ఉన్నది, రేపు చూపిస్త.

తర్వాతి సంగతులు చెప్తె తెల్లారుతది. పైసలు చేతికి రాంగనే ఎన్నడు రాని చుట్టాలు వచ్చిన్రు. కొందరు ఆటోలు కొన్నరు, అందరూ ఆటోలే కొంటే ఎక్కేటోళ్లు ఎవరు? కొందరు ఎస్‌టీడీ బూతులు పెట్టిన్రు, సెల్‌ఫోన్లు వచ్చి అవి పోయినయి. ఎక్కువ వడ్డీ అని పట్నంల సహకార అర్బన్ బ్యాంకులల్ల ఏసినోళ్లు ఉన్నరు. 2001, 2002 ఆ దిక్కు అవి ఒకదాని వెనుక ఒకటి కూలినయి. షట్టర్ల ముంగట పాసుబుక్కులు పట్టుకొని మావోళ్లు నిలబడ్డరు. నేను పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంల ఏసిన. తొంభైలల్ల దానికి 13 శాతం వడ్డీ, దాన్ని చూసే నేను లెక్క కట్టింది. 2003కల్లా 8 శాతానికి తెచ్చిన్రు. మీ నాయినమ్మ కుట్టు మిషిన్ లేకుంటె ఇల్లు నడవకపోతుండె.

టూల్ రూమ్ అన్న మాత్రం పైసలన్ని పెట్టి బాలానగర్‌ల ఒక చిన్న షెడ్డు కిరాయికి తీసుకొని, పాత లేత్ ఒకటి, గ్రైండర్ ఒకటి కొన్నడు. మందుబిళ్లలు ఒత్తే పంచులు, డైలు చేసుడు మొదలువెట్టిండు. అప్పటికి పట్నం చుట్టు మందుల కంపెనీలు లేస్తున్నయి. ఆ కంపెనీలు ఎక్కడి నుంచి వచ్చినయనుకున్నవు? మస్తుగ ఐడీపీఎల్‌ల పని నేర్చుకొని బయటికి వచ్చినోళ్లే పెట్టినయి. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు ఐడీపీఎల్‌ల కొలువు చేసినాయననే. కార్ఖాన మూతపడ్డా అది నేర్పిన పని మూతపడలే. అన్న షెడ్డుకు నేను పోయి లెక్కలు రాసిచ్చేటోన్ని. స్లిప్ గేజుల డబ్బ ఒకటి సెకండ్ హ్యాండుల కొన్నడు. కొత్త పిల్లగాండ్లకు ముట్టనియ్యకుంట అదే తీరుగ తుడిచేటోడు.

అట్లని ఉన్నోళ్లదంత తప్పు, పోయినోళ్లదంత ఒప్పు అని చెప్పను. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014ల ఆగింది. అండ్ల పనిచేసే మనోళ్లు కొందరు కూలి పనులకు పోయిన్రు. 2018ల జేకే పేపర్ వాళ్లు తీసుకొని మల్ల నడిపిన్రు, ఎదురుచూసిన కొందరికి కొలువు దొరికింది. బోధన్ నిజాం షుగర్స్ అట్ల కాలే. 2015 డిసెంబర్ల లే-ఆఫ్ అని గేటు వేసిన్రు, ఏండ్లకేండ్లు బకాయిల కోసం తిరుగుడే అయింది. బీఎస్‌ఎన్‌ఎల్‌ల 2020 జనవరి 31న ఒక్క దినంనాడు 78 వేల మందికి పైగ వీఆర్‌ఎస్ మీద ఇంటికి పోయిన్రు. మన వాడకట్టుల లైన్‌మన్ ఉన్నడు గదా, ఆయన గూడ ఆ దినమే వచ్చిండు. బాగైందా అంటే, పింఛను ఉన్నది గనుక బతికిన అంటడు. ఎవని గేటు కథ వానిది.

నీ సంగతి మాత్రం నాకు ఒకటి మింగుడు పడ్తలేదు. మీ దోస్తుకు పొద్దుగాల మెయిల్ వచ్చిందట, పగటీలికి కార్డు గీకితే తలుపు తెరుచుకోలేదట. మా కాడ నోటీసు బోర్డన్న ఉండె, గేటు మీటింగన్న ఉండె, తిట్టుకునేటందుకు యూనియన్ నాయకుడన్న ఉండె. మీరు ఎవని మొఖం చూసి అడుగుతరు? గందుకే చెప్తున్న, ఇంట్ల దాచుకోకు. మీ ఆయనకు ఈ మాపే చెప్పు. నీకు అయిదేండ్లు నిండినయి గదా, గ్రాట్యుటీ నీ హక్కు, వదులుకోకు. జీతం చీటీలు, ఆఫర్ లెటర్, పీఎఫ్ కాయితాలు అన్నీ సొంత మెయిల్‌కు తెచ్చిపెట్టుకో, తలుపు మూసినంక దొరకయి. బలవంతంగ రాజీనామా రాయమంటే అక్కడికక్కడ రాయకు, ఒక దినం అడుగు. ఉండుడా పోవుడా అన్నది నువ్వే చూసుకోవాలె. పని నేర్పే దిక్కు ఉంటే ఉండు. ఉత్తగ కూసోబెడుతున్నరంటే మాత్రం నా అసుంటి ఏడాది నీకు వద్దు.

ఇగ చాలు, పొద్దుపోయింది. రేపు నాకు గూడ పని ఉన్నది. మా అసుంటోళ్లకు వచ్చే ఈపీఎస్ పింఛను 1995 పథకం, కనీసం వెయ్యి రూపాయలని 2014ల పెట్టిన్రు. ఏడున్నర వేలు చెయ్యాల్నని ఏండ్ల సంది అడుగుతున్నం. బర్కత్‌పుర పీఎఫ్ ఆఫీసు కాడ ధర్నా ఉంది. పాత కార్ఖానలోళ్లందరం పోతున్నం, పేర్లు రాసే పని నాకిచ్చిన్రు. పొద్దుగాల ఆరు బస్సుకు నన్ను ఎక్కియ్యి, ఆలస్యం చెయ్యకు.